అమెరికా యధ్యక్షుల సూక్తులు: విభక్తివిచారము

రాజ్యాధికారుల మాటలు రెండు తెఱఁగుల నిలుచును. శిలమీఁదఁ జెక్కింపఁబడి నిలుచునవి కొన్ని. జనుల నాలుకలమీఁద నిలుచునవి కొన్ని. మొదటివానికి ఱాయి యాధారము. రెండవవానికి వాక్యనిర్మాణము తప్ప వేఱాధారము లేదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల యధ్యక్షులు పలికిన మాటలలో నీ రెండవజాతివి పెక్కు కలవు. అవి యేల నిలిచినవని యడిగినచో భావగాంభీర్యముచేత నని కొందఱును, పలికినవాని పదవిచేత నని కొందఱును జెప్పుదురు. భావగాంభీర్యమే కారణమగునేని, అంతకంటె గంభీరములగు వాక్యములు వందలకొలఁది యా యుపన్యాసములలోనే మఱపునఁ బడియుండుట కేమి సమాధానము? పదవియే కారణమగునేని, నలువదిమందికి మించిన యధ్యక్షులలో నైదాఱుగురి మాటలే యేల వినఁబడుచున్నవి? వానిలో మేలైనవి విభక్తులయందు జీవించుచున్నవని నా యభిప్రాయము. వ్యాకరణము చదివినవాఁడు ప్రతిదానియందును విభక్తులనే చూచునని యాక్షేపింపవచ్చును. ఉదాహరణములు చూచిన పిమ్మట నాక్షేపింతురుగాక.

అర్థవిచారమునకు ముందు పాఠనిర్ణయము చేయవలెను. మనలో రసవంతమగు చాటువు దొరకినచో దానిని శ్రీనాథునికో తెనాలి రామకృష్ణునికో యంటఁగట్టుట వాడుక. అమెరికాలో నీ భాగ్యము వాషింగ్టనునకును లింకనునకును బట్టినది. వాషింగ్టను బాల్యమునఁ జెఱ్ఱీచెట్టును గాయపఱచి తండ్రియెదుట నిజ మొప్పుకొనెనను కథ మన పిల్లలును ఎఱుఁగుదురు. అది వీమ్సు అనునాతఁడు వ్రాసిన వాషింగ్టను చరిత్రలో 1806 నాఁటి యైదవకూర్పునఁ బ్రవేశించినది. అప్పటికి వాషింగ్టను మరణించి యాఱేండ్లు దాఁటెను. పరదేశములతోఁ జిక్కులుపెట్టు సంధులు కూడవను మాటయు (సంధిశబ్ద మిచట రాజనీతిపరము, వ్యాకరణపరము కాదు) వాషింగ్టను వీడ్కోలుపన్యాసములోనిదని పలువురు వ్రాయుదురు. ఆ మాట జెఫర్సను 1801 మార్చి 4 వ తేదిని బదవి స్వీకరించుచుఁ బలికినది. వాషింగ్టను శాశ్వతసంధులను గూర్చి మాత్రమే హెచ్చరించెను. అంతేకాదు, ఆయన వీడ్కోలుపన్యాస మసలు పలుకఁబడినది కాదు. 1796 సెప్టెంబరు 19 వ తేదిని వార్తాపత్రికయందుఁ బ్రకటింపఁబడినది. ఇఁక, అందఱిని గొంతకాలమును, కొందఱి నెల్లకాలమును మోసగింపవచ్చునుగాని యందఱి నెల్లకాలమును మోసగింపరాదను వాక్యము లింకనుదని లోకప్రసిద్ధి. ఆయన జీవించియున్న కాలపు లేఖనములలో దీనికిఁ బ్రమాణము కానరాదు. ఆయన మరణించిన యిరువదియేండ్లకు, 1880 తరువాతి దశకమున, నది యాయన పేర వెలసినది. వాక్యము మంచిదే, కర్త మాత్రము సందిగ్ధుఁడు.

ఉపన్యాసములను వ్రాసియిచ్చువారు వేఱుగా నుండుట మఱియొక చిక్కు. వాషింగ్టను వీడ్కోలుపత్రమున హామిల్టను చేయి కలదు. కెన్నెడీ యుపన్యాసములను సమకూర్చుటలో సోరెన్సెను ముఖ్యుఁడు. శ్రీహర్షుని పేరిటి నాటకమును ధావకుఁడు రచించెనను ప్రవాదము మన యలంకారశాస్త్ర వ్యాఖ్యాతలలోఁ గలదుగదా. ప్రభువులున్న చోటనెల్ల నిట్టి ప్రవాదములు పుట్టును. వ్యాకరణమున దీనికి మార్గమున్నది. చేయువాఁడు కర్త, చేయించువాఁడును గర్తయే. ప్రయోజకునకు హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలను బాణిని యొసఁగినాఁడు. కావున నధ్యక్షుఁడు సభలోఁ బలికి భారము వహించిన వాక్యమును ఆయనదిగానే యెన్నెదను. లింకను విషయమున నీ విచారమే యక్కఱలేదు. ఇచటఁ జెప్పఁబోవు రెండు లింకను వాక్యములును ఆయన స్వయముగా రచించినవి.

1863 జూలై 1, 2, 3 తేదులందుఁ బెన్సిల్వేనియా రాష్ట్రములోని గెట్టిస్‌బర్గుకడ నంతర్యుద్ధములోని ఘోరసంగ్రామము జరిగెను. అందు మడిసిన సైనికులకై యేర్పఱచిన శ్మశానభూమిని అంకితముచేయు సభ యా సంవత్సరము నవంబరు 19 వ తేదిని గూడినది. ఆ దినమున ముఖ్యోపన్యాసకుఁడు లింకను కాఁడు. ఎవరెట్టు అను విద్వాంసుఁడు. గ్రీకుభాషాపండితుఁడు, పూర్వము హార్వర్డు విద్యాపీఠమున కధ్యక్షుఁడుగా నున్నవాఁడు. ఆయన రెండుగంటలు మాటాడెను. పిమ్మట లింకను లేచి పది వాక్యములు, ఇంచుమించు 270 పదములు పలికి కూర్చుండెను. తాను రెండుగంటలలో సమీపింపఁజాలిన ముఖ్యార్థమును లింకను రెండు నిమిషములలో సమీపించెనను భావముతో నెవరెట్టు మఱునాఁడే లేఖ వ్రాసినాఁడు. పండితునకుఁ బండితునియం దుండు నసూయ యీతని యందు లేకపోవుట మెచ్చఁదగినది.

లింకను స్వహస్తమున వ్రాసిన ప్రతు లైదు దొరకుచున్నవి. వానిలోఁ బాఠభేదములు కలవు. ఈశ్వరుని యధీనమున నను నర్థముగల పదములు రెండు ప్రతులలో లేవు, మూఁటఁ గలవు. కడపటి వాక్యమున నొక ప్రతిలో 'ఈ ప్రభుత్వము' అను నర్థమున నిర్దేశకసర్వనామము కలదు. తక్కినవానిలో నది లేదు. సర్వనామ మున్నచో నర్థము వ్యక్తిపరము, అనఁగా అమెరికా ప్రభుత్వమొక్కటి. లేనిచో జాతిపరము, అనఁగా లోకమున నట్టి పాలన మెచ్చటనున్న నదియెల్ల. లింకను పిమ్మటి ప్రతులలో జాతిపాఠమునే నిలిపెను. ఇన్ని భేదములున్నను ఆఫ్, బై, ఫర్ అను మూఁడు చిన్నపదములును 'ప్రజలు' అను పదము ముమ్మాఱావృత్తమగుటయు నైదు ప్రతులలోను ఏకరీతిగా నున్నవి. పరీక్షింపవలసినది దానినే.

మన పాఠ్యపుస్తకములలో నీ వాక్యము 'ప్రజలయొక్క, ప్రజలచేత, ప్రజలకొఱకు ప్రభుత్వము' అని కనఁబడుచుండును. బాలురు కంఠస్థము చేయుదురు, ఉపాధ్యాయులు ప్రశ్నవేయుదురు, ఉత్తరము సరియని యంకములు వేయుదురు. ఈ మూఁడు విభక్తులును దేనితో నన్వయించునో మాత్రము విచారింపరు. ప్రభుశబ్దముపై త్వప్రత్యయము చేరఁగా నైనది ప్రభుత్వశబ్దము, అది తద్ధితాంతము. అందు క్రియ లేదు. క్రియ లేనిచోఁ గారకము లేదు. 'ప్రజలయొక్క ప్రభుత్వము' అనుట కుదురును, సంబంధమున షష్ఠి యెచ్చటనైన నిలువఁగలదు గనుక. 'ప్రజలచేత ప్రభుత్వము' అనుట యెట్లు కుదురును? చేతవర్ణకము కర్తృవాచకమగుటకు నొక క్రియ కావలెను. అందుచేతఁ గొందఱు 'చేయఁబడు', 'ఏర్పఱుపఁబడిన' అను విశేషణములను జొప్పించి యన్వయమును గాపాడఁజూతురు. అది యధ్యాహారము; మూలమున లేనిది.

మూలమునందలి పదము వేఱు. అది పాలించుట యను ధాతువునుండి పుట్టిన కృదంతము. మన పాలన, శాసన శబ్దములవలె నది క్రియను జెప్పును, క్రియకు సాధనమగు సంస్థను గూడఁ జెప్పును. సంస్థార్థమును గ్రహించినచో నాఫ్ అనుదానికి స్వస్వామిభావ మర్థమగును. ప్రభుత్వము సొత్తు, ప్రజలు సొంతదారులు. చాలమంది యిట్లే గ్రహింతురు. ఇది పూర్వపక్షము. కాని యిట్లు గ్రహించినచో రెండవదియగు బై అనుదానికి క్రియాన్వయము లేక పైఁజెప్పిన చిక్కే వచ్చును. కావున భావార్థమునే, అనఁగాఁ బాలించుట యను క్రియనే, గ్రహింపవలెను. అప్పుడు షష్ఠి కర్తయందా కర్మయందా? కర్తయందన్నచోఁ బాలించువారు ప్రజలని మొదటిపదముతోనే తేలును. 'ప్రజలచేత' ననునది పునరుక్తమగును. కావునఁ గర్మయందే. పాలింపఁబడువారు ప్రజలు, పాలించువారు ప్రజలు, పాలనఫలము ప్రజలకు.

ఇది నా కల్పన గాదు. ఒక కృదంతమునకుఁ గర్తయుఁ గర్మయు రెండును జేరిన తావున షష్ఠి కర్మకే చెందునని, కర్తకుఁ దృతీయ యగునని పాణిని రెండవయధ్యాయము మూఁడవపాదమున విధించెను. గోపాలకుఁడు కానివానిచే నావులపిదుకుట యాశ్చర్యమను నర్థముగల యుదాహరణమును గౌముది చదివిన ప్రతి విద్యార్థియు నెఱుఁగును. లింకను వాక్యముయొక్క షష్ఠీతృతీయలు సరిగా నా సూత్రపు మార్గముననే నడచుచున్నవి. ఆ యుదాహరణమున నాశ్చర్యపదముండుటయుఁ గడు నుచితముగాఁ దోఁచుచున్నది. ఏలయన వేలయేండ్లుగా లోకమున బ్రజలు కర్మలు, ప్రభువు కర్త. ప్రజాశబ్దమునకు సంతానమని వ్యుత్పత్త్యర్థము. రఘువంశమున దిలీపుఁడు ప్రజలకుఁ దండ్రిగా వర్ణింపఁబడెను. సంతానము తన్నుఁదాఁ బాలించుకొనుట, ఆవు తన్నుఁదాఁ బిదుకుకొనుట వంటి యాశ్చర్యము. 'ప్రజాస్వామ్య'మను మన పదము స్వామిత్వమును మాత్రమే చెప్పి యూరకున్నది. ఈ యాశ్చర్యమును జెప్పలేదు.

లింకనునకుఁ బూర్వులు లేకపోలేదు. 1830 జనవరిలో వెబ్‌స్టరు సెనేటుసభలో మాటాడుచుఁ బ్రభుత్వము ప్రజలదనియుఁ, బ్రజలకొఱకుఁ జేయఁబడినదనియుఁ, బ్రజలచేతఁ జేయఁబడినదనియుఁ, బ్రజలకు జవాబుదారియనియుఁ జెప్పెను. ఇందు 'చేయఁబడిన' యను పదము స్పష్టముగా నున్నది గనుక సంస్థార్థము, స్వామిత్వషష్ఠి నిర్వివాదములు. పార్కరు అను మతాచార్యుఁడు 1850 లో బానిసతనమును ఖండించుచు 'సర్వప్రజల' యని మూఁడు తావులను సర్వశబ్దమును జేర్చి చెప్పెను. లింకను వెబ్‌స్టరు వాక్యమునందలి క్రియావిశేషణములును లేకుండఁ, బార్కరు వాక్యమునందలి సర్వశబ్దమును లేకుండ మూఁడు విభక్తులను మాత్రము మిగిల్చెను. సముచ్చయపదము సైతము లేదు. పదము నొకదానిని దీసివైచినఁ గూలిపోవు వాక్యము మంచి వాక్యమని మా గురువులు చెప్పెడివారు.

ఒకే పదము ఒకే యర్థమున నావృత్తమై యన్వయమాత్రమున భేదించినచో నది లాటానుప్రాసము. పద మొకటియై యర్థము వేఱైనచో యమకము. లింకను వాక్యము లక్షణప్రకారము లాటానుప్రాసము; ముమ్మాఱును బ్రజలనఁగా నా ప్రజలే కావలెను. అట్లయ్యెనా? 1860 నాఁటి జనాభాలెక్కలో నా దేశమున బానిసలు దాదాపు నలువదిలక్షలు. 1863 జనవరి 1 వ తేదినాఁటి విమోచనప్రకటనము తిరుగబడిన రాష్ట్రములలోని బానిసలకే చెల్లెను. బానిసతనమును దేశమంతట మాన్పిన రాజ్యాంగసవరణము 1865 డిసెంబరులోఁ గాని స్థిరపడలేదు. వర్ణమునుబట్టి వోటును నిరాకరింపరాదన్న సవరణము 1870 లోనిది. స్త్రీలకు వోటిచ్చినది 1920 లోనిది. ఆదిమవాసులకెల్లఁ బౌరసత్వ మొసఁగిన చట్టము 1924 లోనిది. 1870 నాఁటి మాట దక్షిణరాష్ట్రములలోఁ జెల్లుబడి యగుటకు మరల 1965 నాఁటి వోటుహక్కుచట్టము కావలసివచ్చెను. అనఁగా గెట్టిస్‌బర్గు సభనాఁడు కర్మస్థానమందలి ప్రజలు వేఱు, కర్తృస్థానమందలి ప్రజలు వేఱు. పాలింపఁబడువారందఱు, పాలించువారు కొందఱు. లింకను లాటానుప్రాసముగాఁ బలికినదానిని జరిత్ర యమకముగాఁ జదివినది. ఆ తరువాతి నూఱేండ్ల యుద్యమములనెల్ల యమకమును లాటానుప్రాసముగా దిద్దుటకై జరిగిన ప్రయత్నములని వైయాకరణుఁడు వర్ణించినఁ దప్పుగాదు. అందువలననే కర్మషష్ఠిని విడిచి స్వామిత్వషష్ఠిని గ్రహించుట స్వల్పదోషము కాదని నా వాదము. సొంతదారులు కొందఱైనను సొత్తు సొత్తే యగును; పాలింపఁబడువారును బాలించువారును ఒక్కరే కావలెనను నిర్బంధము కర్మషష్ఠిలో మాత్రమే కలదు.

తెలుఁగున నీ వాక్యము నెట్లు చెప్పవలెను? 'యొక్క' యనుదానిని విడువవలెను. మన షష్ఠికి వర్ణకము లేకపోవుటయే యందము. 'ప్రభుత్వ'మునకు మాఱుగాఁ 'బాలన'మని గాని 'యేలుబడి' యని గాని చెప్పవలెను. 'ప్రజల నేలుట, ప్రజలే యేలుట, ప్రజలకై యేలుట' యని విడఁదీసి చెప్పినచో బాలురకును దెలియును. మూలపు బిగువు సడలునుగాని యర్థము నిలుచును. ఇంతకంటె మేలైన మార్గము దెలిసినవారు ప్రకటించినచో సంతోషింతును.

లింకను రెండవ పదవీస్వీకారోపన్యాసము (1865 మార్చి 4) నందలి యొక వాక్యము దీనికంటెను సూక్ష్మమైనది. ఉభయపక్షములును యుద్ధమును గోరలేదు, ఒక పక్షము దేశమును నిలువనిచ్చుటకంటె యుద్ధమును జేయుటకు నిశ్చయించెను, రెండవపక్షము దేశమును నశింపనిచ్చుటకంటె యుద్ధము నంగీకరించుటకు నిశ్చయించెను, యుద్ధము వచ్చెను. ఇది దాని భావము. ముందు మూఁడు తావుల యుద్ధము కర్మ: కోరనిది, చేయునది, అంగీకరించునది. కడపటిదానియందు యుద్ధమే కర్త. అన్నము నెవరో వండుచుండఁగా 'అన్నముడికెను' అనుట వంటి ప్రయోగమిది. క్రియ మిక్కిలి సులభముగా జరిగినదని చెప్పుటకుఁ గర్తవ్యాపారమును మఱుఁగుపఱతురని శాస్త్రకారులు చెప్పుదురు. ఇచట సౌలభ్యము గాదు, మనుష్యుల యసామర్థ్యము వ్యంగ్యము. ఉభయులు చేతఁబట్టుకొన్న వస్తువు చేజాఱి తానే నడచివచ్చినట్లున్నది. దోషమును గప్పిపుచ్చుటకుఁ గర్తను దాఁచెనని యనరాదు. జనులలో నెనిమిదవవంతు బానిసలని, ఆ బానిసతనమే యెట్లో యుద్ధమునకుఁ గారణమని యాయన యా యుపన్యాసమందే చెప్పెను. అది చెప్పిన నెలన్నరలోపల, ఏప్రిలు 14 వ తేదిరాత్రి కాల్పఁబడి మఱునాఁ డుదయమున మరణించెను.

ఫ్రాంక్లిను రూజ్‌వెల్టు 1933 మార్చి 4 వ తేదిని బదవి స్వీకరించుచు, మనము భయపడవలసినది భయమువలననే యని చెప్పెను. అప్పటికిఁ బనిచేయువారిలో నాల్గవవంతు పనిలేక యుండిరి. దేశమున బ్యాంకులు మూఁతపడుచుండెను. భయమునకు హేతువగునది యపాదానము, దానికిఁ బంచమి. పులివలన భయము, దొంగవలన భయము అనునట్లే భయమువలన భయము. ఆకాశమున కాకాశమే సాటి యనినపుడు అనన్వయాలంకారమగునుగదా; ఉపమానస్థానమున నపాదానమును బెట్టినచో నిదియుఁ దచ్ఛాయగలదే. అధైర్యమును బోఁగొట్టుటకై చెప్పిన యర్థవాదమాత్రమని కొందఱందురు. నే నంగీకరింపను. బ్యాంకు విషయమున నిది యక్షరాల నిజము. సొమ్ము పోవునని భయపడి జనులందఱు నొకమాఱు సొమ్ము తీసికొనఁబోయినచో మంచి బ్యాంకును మూఁతపడును. అది చూచి తక్కినవారు భయపడుదురు. భయమే భయమునకు హేతువు. ఆయన మార్చి 6 వ తేదిని బ్యాంకులనెల్ల మూయించి, 12 వ తేదిని రేడియోలో జనులకు విషయమును విప్పిచెప్పి, 13 వ తేదినుండి క్రమముగాఁ దెఱిపించెను. జనులు సొమ్మును మరలఁ దెచ్చి వేసిరి.

ఈయనదే 1941 డిసెంబరు 8 వ తేదినాఁటి యుపన్యాసము పదౌచిత్యమున కుదాహరణము. పెరల్‌హార్బరుపై జపాను దాడిచేసిన దినము ప్రపంచచరిత్రయందు జీవించునని మొదటి చిత్తులో నుండెను. ఆయన స్వహస్తమున నా పదములను గొట్టివైచి యపకీర్తియం దని దిద్దెను. చరిత్రయందు దినము జీవించుట లోకసహజమగు సప్తమి. అందుఁ జమత్కారము లేదు. అపకీర్తిని నివాసముగాఁ జేసి దినము నందు జీవింపఁజేయుట లాక్షణికము. సప్తమి యదియే, ఆధారము మాత్రము మాఱినది. క్షేమేంద్రుఁడు చూచినచో మెచ్చుకొనియుండును.

ఇఁక 1961 జనవరి 20 వ తేదిని గెన్నెడీ పలికినది. దేశము మీకేమి చేయఁగలదని యడుగవలదు. మీరు దేశమునకేమి చేయఁగలరని యడుగుఁడు. ఇది తెనుఁగులోనికి నలఁగకుండ వచ్చినది, మన కువర్ణకము దీనికిఁ జాలియున్నది గనుక. కర్తయుఁ జతుర్థ్యంతమును స్థానములు మార్చుకొన్నవి. ఒకటి నిషేధింపఁబడి యొకటి నియమింపఁబడుటచేఁ బరిసంఖ్యయుఁ గలదు. అలంకారము స్ఫుటము, లింకనునందలి కంటె స్ఫుటము. అదియే నాకుఁ గొఱఁతగాఁ దోఁచును. లింకను వాక్యమున నర్థము తోఁచిన పిమ్మట నిర్మాణము కనఁబడును. ఇందు నిర్మాణమే ముందు కనఁబడును. మఱియు లింకను ప్రజలకుఁ బెట్టిన చతుర్థిని గెన్నెడీ ప్రజలనుండి తీసి దేశమునకుఁ బెట్టెను. పాలనము ప్రజలకొఱకైనచోఁ దమకేమి చేయుదురని పాలకు నడుగుట ప్రజలకు న్యాయమే. అడుగవలదని పాలకుఁడే చెప్పుట కొంత శంకింపఁదగినది. అయినను ఆ మార్చి 1 వ తేదిననే యువకులను బరదేశసేవకుఁ బంపు శాంతిదళము నేర్పఱచెను గనుక నా మాట వట్టిది గాదని తేలినది.

ఆ వాక్యముతో నుపన్యాసము ముగియలేదు. వెంటనే లోకపౌరులను సంబోధించి, అమెరికా మీకేమి చేయునని యడుగవలదు, మనమందఱము కూడి మానవస్వాతంత్ర్యమున కేమి చేయఁగలమో యడుగుఁడని చెప్పెను. భావమున నిది మొదటిదానికంటె విశాలము. మొదటిది యొక దేశమువారికి, ఇది యెల్లరకు. మొదటిదానియందుఁ జేయువారు, చేయించుకొనువారు వేఱు; ఇందు నిరువురును గలసి కర్త లైరి. కాని చతుర్థ్యంతము మాఱి మూఁడవవస్తువు వచ్చి కూర్చుండుటచేతఁ గర్తృసంప్రదానముల వినిమయము చెడినది. ఈ రెండవవాక్యమును జెప్పఁగలవారిని నేనింతవఱకుఁ జూడలేదు.